భూమి తనను తాను కడుక్కుంటుందా?

గత నెలలో పాత పరిచయస్థులొకరు ఫోను చేశారు. నగర శివార్లలో వారు ఇల్లు కట్టుకుంటున్న స్థలానికి కూతవేటు దూరంలో ఒకప్పుడు లోహపు విడిభాగాలు తయారుచేసే కర్మాగారం ఉండేదట. అది మూతపడి ఇరవై ఏళ్లయింది. బోరు వేయించారు. నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు, టీడీఎస్ మీటరు ముంచి చూస్తే అంకె కూడా బాగానే వచ్చింది. "ఇన్నేళ్లలో భూమి తనంతట తానే శుభ్రపడి ఉండదా డాక్టరు గారూ?" అని అడిగారు.

ఉండవచ్చు, ఉండకపోవచ్చు అని తప్పించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి శాస్త్రలోకానికే కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ చరిత్రలో వైద్యవృత్తికీ కొంత భాగం ఉంది గనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

మా తరం వైద్యులకు ట్రైలీన్ అనే మత్తుమందు గుర్తుండే ఉంటుంది. పురుటినొప్పులు భరించలేని తల్లి చేతికి చిన్న పీల్చుడు పరికరం ఇచ్చేవారు. అందులోని ద్రవం లేత నీలిరంగులో ఉండేది. ఆ రంగు దాని సహజ వర్ణం కాదు. క్లోరోఫామ్ అనుకొని ఎవరూ పొరపడకుండా కలిపిన రంగు అది. మందు అసలు పేరు ట్రైక్లోరోఇథిలీన్. దీని చరిత్ర విచిత్రమైనది. 1915లో జర్మనీలో ప్లెస్నర్ అనే వైద్యుడు, ఈ ఆవిరిని పీల్చిన కార్మికులకు ముఖంలో స్పర్శ పోయిందని గమనించాడు. స్పర్శను పోగొట్టేది నొప్పిని కూడా పోగొట్టవచ్చునన్న తర్కంతో, ముఖనాడికి వచ్చే దారుణమైన పోటుకు దానినే మందుగా వాడారు. 1941లో లండన్ వైద్యుడు లాంగ్‌టన్ హ్యూవర్ దానిని మత్తుమందుగా ప్రచారంలోకి తెచ్చాడు. కార్మికుడి శరీరంలో విషంగా కనిపించిన లక్షణమే రోగి మంచం దగ్గర గుణంగా మారింది. వైద్యచరిత్రలో ఇలాంటివి చాలా ఉన్నాయి, మనం గర్వపడనక్కరలేనివి కూడా.

ఆసుపత్రిలో చుక్కలుగా వాడిన ఆ ద్రవాన్ని కర్మాగారాలు పీపాలకొద్దీ వాడాయి. లోహపు భాగాలకు అంటిన నూనెజిడ్డును అది క్షణాల్లో వదలగొడుతుంది, మంట అంటుకోదు, త్వరగా ఆరిపోతుంది. దాని జ్ఞాతి పెర్‌క్లోరోఇథిలీన్ డ్రైక్లీనింగ్ దుకాణాల్లో రాజ్యమేలింది. కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీసివేయడానికి కూడా ట్రైక్లోరోఇథిలీన్‌ను వాడేవారు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మత్తుమందుగానూ ఆహారపదార్థాల తయారీలోనూ దీన్ని నిషేధించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మూత్రపిండాల క్యాన్సర్‌తో దాని సంబంధం ఆ నిర్ణయానికి ప్రధాన ఆధారం.

వాడేసిన ద్రవాన్ని ఏం చేసేవారు? ఎక్కువచోట్ల పెరట్లో పారబోసేవారు. అది ఆవిరైపోతుందనే ధీమా. కొంత ఆవిరయ్యేది, మిగిలింది నేలలోకి దిగేది. ఈ ద్రవం నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. పెట్రోలు అయితే భూగర్భజలం మీద తెట్టుగా తేలుతుంది. ఇది నీటిని చీల్చుకొని అడుగుకు పోయి, బంకమట్టి పొరల మీద మడుగు కట్టి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. తాగునీటిలో దీనికి అమెరికా విధించిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ లెక్కన ఒక్క లీటరు ద్రవం పూర్తిగా కరిగితే సుమారు 29 కోట్ల లీటర్ల నీరు ఆ పరిమితికి చేరుతుంది. ఒక సీసా చాలు, ఒక ఊరి నీటికి.

భూమి అన్నిటినీ వడగడుతుందన్న నమ్మకం మనకు కొత్త కాదు. ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన తేటనీటిని కడవకు ఎత్తుకున్న జాతి మనది. రోగక్రిముల విషయంలో ఆ నమ్మకం చాలావరకు నిజం. ఇసుకపొరలు బురదను, క్రిములను పట్టి ఉంచుతాయి. కరిగిన రసాయనం మాత్రం ఇసుకలో ఆగదు. దానిని ఎవరో ఒకరు విరగ్గొట్టాలి. లోతున ఆ పనిచేసే జీవులు ఉన్నాయా? చాలాకాలం పాటు శాస్త్రజ్ఞుల జవాబు: పెద్దగా లేవు. వేళ్లు చేరే పైమట్టిలో తప్ప, కింద జీవం చాలా అరుదని భావించేవారు. 1983లో ఓక్లహామా రాష్ట్రంలోని లూలా అనే చోట, పైనుంచి కల్తీ కాకుండా జాగ్రత్తపడి తీసిన భూగర్భపు మట్టిలో బోలెడన్ని బాక్టీరియాలు కనిపించాయి. వాటికి ముందే, 1972లో పెన్సిల్వేనియాలోని ఆంబ్లర్‌లో గొట్టం నుంచి పెట్రోలు కారి భూగర్భజలంలో చేరినప్పుడు, రిచర్డ్ రేమండ్ అనే శాస్త్రజ్ఞుడు భూమిలోకి ప్రాణవాయువు, పోషకాలు పంపి అక్కడి సూక్ష్మజీవుల చేత ఆ నూనెను తినిపించే ప్రయత్నం చేశాడు. అంటే తినేవాళ్లు కింద ఉన్నారు, వడ్డన చేస్తే చాలు. వడ్డన లేకుండా వాళ్లంతట వాళ్లే తింటారా అన్నది అప్పటికింకా తేలలేదు.

దానికి జవాబు ఒక ప్రమాదం వల్ల దొరికింది. 1979 ఆగస్టు 20న మిన్నెసోటా రాష్ట్రంలో బెమిడ్జి పట్టణానికి సమీపాన, అడవుల నడుమ, ముడిచమురు గొట్టపుమార్గం పగిలింది. సుమారు 17 లక్షల లీటర్ల చమురు బయటపడింది. కంపెనీ వాళ్లు తోడినంత తోడారు, కాల్చినంత కాల్చారు. దాదాపు 4 లక్షల లీటర్లు భూమిలో మిగిలిపోయింది. సమీపంలో తాగే బావులు లేవు. 1983లో అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆ చోటును ప్రకృతి ప్రయోగశాలగా ఎంచుకొని, ఆ మిగిలిన చమురు ఏమవుతుందో గమనించడం మొదలుపెట్టింది.

అక్కడ తేలిన విషయం అప్పటి పాఠ్యపుస్తకాలను తిరగరాయించింది. చమురు దగ్గర ప్రాణవాయువు త్వరలోనే అయిపోయింది. అయినా విచ్ఛిత్తి ఆగలేదు. మనం ఊపిరి పీల్చేటప్పుడు జరిగేది, సారాంశంలో, ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను ప్రాణవాయువుకు అప్పగించడం. ప్రాణవాయువు లేనిచోట కొన్ని బాక్టీరియాలు ఆ ఎలక్ట్రాన్లను మట్టిరేణువుల మీది ఇనుప తుప్పుకు అప్పగిస్తాయి. ఇనుమును 'పీల్చి' బతుకుతాయన్నమాట. 1989లో డెరెక్ లవ్లీ బృందం, టోలీన్ వంటి రసాయనాలు ఇలా ఇనుము సాయంతో విచ్ఛిన్నమవుతున్నాయని నిరూపించింది. ఇనుము కూడా తరిగినచోట, మన గోబర్‌గ్యాస్ తొట్టెలో మాదిరి మీథేన్ పుట్టించే జీవులు పని అందుకుంటాయి. చమురు నుంచి కరిగి కదిలిన రసాయనాల ప్రవాహం నీటితోపాటు సాగిపోకుండా, ఊహించినదానికంటే చాలా దగ్గరలోనే కట్టుబడిపోయింది.

ఇంతవరకు వింటే మా మిత్రునికి ఊరట కలుగుతుంది. కానీ బెమిడ్జిలో మరో రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది, నలభై ఏళ్లు దాటినా చమురు ఇంకా అక్కడ ఉంది. రెండవది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మట్టిలోని ఇనుప తుప్పు తనతోపాటు సహజమైన ఆర్సెనిక్‌ను పట్టి ఉంచుతుంది. బాక్టీరియాలు ఆ తుప్పును వాడుకొని కరిగించినప్పుడు ఆర్సెనిక్ నీటిలోకి విడుదలైంది. పరిశోధకులు 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అది తాగునీటి పరిమితికి అనేక రెట్లు ఉంది. చమురులో లేని విషం, చమురును మాన్పే ప్రక్రియలోంచి పుట్టింది. మందుకు దుష్ఫలితం ఉన్నట్టే, భూమి చేసుకునే స్వయంచికిత్సకు కూడా దుష్ఫలితం ఉంటుంది.

పెట్రోలు కథ ఇలా ఆశాజనకంగా ఉండడంతో, 1995లో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల, కారుతున్న భూగర్భ పెట్రోలు ట్యాంకుల నమోదులను పరిశీలించి, చాలాచోట్ల బెంజీన్ కొన్ని పదుల మీటర్ల దూరంలోనే ఆగిపోతున్నదని చెప్పింది. తోడిపోసే ఖర్చు దండగ, ప్రకృతికి వదిలేయవచ్చన్న వాదం బలపడింది. మరుసటి ఏడే శాంటా మోనికా నగరం తన తాగునీటి బావుల్లో ముఖ్యమైనవాటిని మూసివేయవలసి వచ్చింది. కారణం ఎంటీబీఈ. పెట్రోలు బాగా మండడానికి కలిపిన పదార్థం. అది నీటిలో సులువుగా కరుగుతుంది, మట్టికి అంటదు, సూక్ష్మజీవులకు అంత త్వరగా లొంగదు. అదే ట్యాంకు, అదే కారు, అదే మట్టి. బెంజీన్ ఆగింది, ఎంటీబీఈ పరుగెత్తింది.

ఇక జిడ్డు వదలగొట్టే ద్రావణుల దగ్గరకు వద్దాం. మా మిత్రుని బోరుకు సంబంధించినది ఇదే.

1980 ప్రాంతంలో అమెరికాలో బావుల నీటిని కొత్త పరికరాలతో పరీక్షించడం మొదలయ్యాక, ఒక చిక్కుప్రశ్న ఎదురైంది. ద్రావణులు పారబోసిన చోట్ల, వాటితోపాటు అక్కడెవరూ వాడని రసాయనాలు కూడా కనిపించసాగాయి. వాటిలో ఒకటి వినైల్ క్లోరైడ్. ఆ పేరు వింటేనే వైద్యులు ఉలిక్కిపడేవారు. ప్లాస్టిక్ గొట్టాలకు వాడే పీవీసీకి అది ముడిసరుకు. 1974లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో, పీవీసీ తయారుచేసే ఒకే కర్మాగారపు కార్మికుల్లో కాలేయపు రక్తనాళాల క్యాన్సర్ బయటపడింది. ఒక వైద్యుడు జీవితకాలంలో ఒక్క కేసు కూడా చూడకపోవచ్చు, అంత అరుదైన జబ్బు. అక్కడి వైద్యుడు జాన్ క్రీచ్, అది ఒకరి తరువాత ఒకరికి రావడం గమనించి అనుమానించాడు. పని ప్రదేశపు గాలిలో అనుమతించే పరిమాణాన్ని పది లక్షల భాగాలకు 500 నుంచి 1కి తగ్గించారు. అటువంటి పదార్థం, పీవీసీ కర్మాగారం దరిదాపుల్లో లేని ఊళ్లలో బావినీటిలోకి ఎలా వచ్చింది?

1985లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వోగెల్, మెక్‌కార్టీ ప్రయోగశాలలో చిక్కుముడి విప్పారు. పెర్‌క్లోరోఇథిలీన్‌లో నాలుగు క్లోరిన్ పరమాణువులు ఉంటాయి. ప్రాణవాయువు లేనిచోట సూక్ష్మజీవులు వాటిని ఒక్కొక్కటిగా ఊడదీస్తాయి. ఒకటి ఊడితే ట్రైక్లోరోఇథిలీన్, రెండు ఊడితే డైక్లోరోఇథిలీన్, మూడు ఊడితే వినైల్ క్లోరైడ్. నాలుగవది కూడా ఊడితే మిగిలేది ఇథిలీన్. మామిడికాయను పండించే వాయువు అదే. నాలుగు మెట్లు దిగితే క్షేమం. కానీ మూడవ మెట్టు మీద ఆగితే, మొదట ఉన్నదానికంటే ప్రమాదకరమైన చోట నిలబడ్డట్టు. చాలా బావుల్లో జరిగింది అదే.

దీనికి మనుషులు చెల్లించిన మూల్యం నార్త్ కరోలినాలోని క్యాంప్ లెజూన్ అనే మెరైన్ దళ స్థావరంలో కనిపిస్తుంది. సైనికుల కుటుంబాలు నివసించే టరావా టెర్రస్ కాలనీ బావులకు సమీపంలో, 1950వ దశకంలో స్థావరం బయట ఒక డ్రైక్లీనింగ్ దుకాణం వెలసింది. దాని వ్యర్థజలం పెర్‌క్లోరోఇథిలీన్‌తో సహా సెప్టిక్ ట్యాంకులోకి, అక్కడినుంచి నేలలోకి దిగింది. 1980, 81 సంవత్సరాల్లో, నీటికి కలిపే క్లోరిన్ వల్ల పుట్టే పదార్థాలను కొలుద్దామని నమూనాలు పరీక్షించిన ప్రయోగశాలవారికి, స్థావరంలోని నీటిలో తాము వెదకని రసాయనాలేవో అడ్డుతగిలాయి. ద్రావణులు ఉన్నాయని వారు నివేదికలపై హెచ్చరిక కూడా రాశారు. అయినా కలుషితమైన బావులను మూయడానికి 1984, 85 వరకు పట్టింది. 1953 నుంచి 1987 మధ్య ఆ స్థావరంలో నివసించినవారు, పనిచేసినవారు దాదాపు పది లక్షల మంది దాకా ఉంటారని అంచనా. వారిలో గర్భిణులు, చంటిబిడ్డలు ఉన్నారు.

2007లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఒకటి గణిత నమూనాలతో వెనుకకు లెక్కకట్టింది. టరావా టెర్రస్ కొళాయి నీటిలో పెర్‌క్లోరోఇథిలీన్ 1957 చివరినుంచే నేటి పరిమితిని దాటి ఉంటుందని తేలింది. ఆ నీటిలో వినైల్ క్లోరైడ్ కూడా దాని పరిమితిని మించి చేరిందని ఆ లెక్క చెప్పింది. దుకాణదారు వినైల్ క్లోరైడును ఎన్నడూ కొనలేదు, పారబోయలేదు. భూమిలోని జీవులు తమ పని సగం చేసి, దానిని తయారుచేశాయి. ఈ స్థావరపు బాధితులు పరిహారం కోసం దావా వేసుకునే హక్కును చట్టసభ 2022లో గాని ఇవ్వలేదు. కాలుష్యం మొదలైనప్పుడు పుట్టిన బిడ్డకు అప్పటికి దాదాపు డెబ్బై ఏళ్లు.

అయితే కొన్నిచోట్ల నాలుగవ క్లోరిన్ కూడా ఊడుతున్నది. ఎక్కడ, ఎవరివల్ల? 1989లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రీడ్‌మన్, గాసెట్ ప్రయోగశాలలో ఇథిలీన్ దాకా పూర్తి విచ్ఛిత్తిని చూపారు. 1997లో అదే విశ్వవిద్యాలయపు బృందం, ఇథాకా పట్టణపు మురుగునీటి శుద్ధికేంద్రపు బురదనుంచి, ఆ పనిచేసే బాక్టీరియాను విడదీసింది. దానికి డీహాలోకాకాయిడ్స్ అని పేరు పెట్టారు. బెమిడ్జి జీవులు ఇనుమును పీల్చినట్టు, ఇది క్లోరిన్ ఉన్న రసాయనాలను పీల్చి బతుకుతుంది. ప్రాణవాయువు తగిలితే బతకదు. మహా సుకుమారం. మిగతా జీవులు సాధారణంగా డైక్లోరోఇథిలీన్ దగ్గరే పని ఆపేస్తాయి. ఈ జాతిలో కూడా అన్ని రకాలూ ఆఖరి మెట్టును సమర్థంగా దిగలేవు. కాబట్టి ఒక స్థలంలో ఈ కుటుంబపు సరైన సభ్యుడు ఉన్నాడా, వాడికి కావలసిన హైడ్రోజన్ అందుతున్నదా అన్నదాని మీదే అక్కడి నీటి భవితవ్యం ఆధారపడుతుంది. ఇరవై ఏళ్లు గడిచాయా, నలభై గడిచాయా అన్నది రెండవ ప్రశ్న.

ఈ అనుభవాలన్నీ చూశాక 1999 ఏప్రిల్‌లో అమెరికా పర్యావరణ సంస్థ ఒక మార్గదర్శకం జారీచేసింది. ప్రకృతికి వదిలేయడాన్ని చికిత్సగా ఒప్పుకోవాలంటే విషం మొత్తం తగ్గుతున్నదని కొలతలతో చూపాలి, విచ్ఛిత్తి ఏ మార్గంలో జరుగుతున్నదో చెప్పాలి, ఏళ్ల తరబడి బావులు తవ్వి నమూనాలు తీస్తూనే ఉండాలి. మన ఊళ్లలో పచ్చకామెర్లకు పసరుమందు పోస్తారు. కలుషితాహారం వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. కానీ పిత్తనాళానికి గడ్డ అడ్డుపడి వచ్చిన కామెర్లు కూడా పైకి అదే పసుపురంగులో ఉంటాయి. వాటికి అదే ఓపిక పడితే మనిషి దక్కడు. ఆగమని చెప్పే వైద్యుడు వారంవారం రక్తపరీక్ష చేయిస్తాడు. ఆ మార్గదర్శకం కోరింది అంతే.

విచ్ఛిత్తికి అసలు అవకాశమే లేని పదార్థాలూ ఉన్నాయి. 1937లోనే షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో బావినీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన రోగులను వర్ణించారు. నల్లగొండ సంగతి మనకందరికీ తెలిసినదే. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, సీసం మూలకాలకు చెందినవి. వాటిని ఏ జీవీ విరగ్గొట్టి వేరొకటిగా చేయలేదు. రూపం మారుతుంది, చోటు మారుతుంది, పదార్థం అక్కడే ఉంటుంది.

పటాన్‌చెరు ప్రస్తావన లేకుండా ఈ వ్యాసం ముగించలేను. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం, అక్కడ దాదాపు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని పరీక్షించింది. సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. 2009లో అదే బృందంవారు ఆ ప్రాంతపు చెరువుల్లోనూ బావుల్లోనూ మందుల అవశేషాలను గుర్తించారు. మందు నిరోధక క్రిముల గురించి దీని మీద చాలా చర్చ జరిగింది, జరగవలసిందే. నాకు తోచే మరో సందేహం ఉంది. ఇంతసేపూ చెప్పిన స్వయంశుద్ధి అంతా బాక్టీరియాల కష్టార్జితం. బాక్టీరియాలను చంపడానికే తయారుచేసిన మందు నేలలోకి దిగినచోట, ఆ పని ఎవరు చేస్తారు?

మా మిత్రునికి చెప్పినది ఇది. టీడీఎస్ మీటరు నీటిలోని లవణాలను మాత్రమే సూచిస్తుంది, ద్రావణులు దానికి కనిపించవు. కాచడం వల్ల ద్రావణి నీటినుంచి ఎగిరి వంటింటి గాలిలో చేరుతుంది. బొగ్గు వడపోత ట్రైక్లోరోఇథిలీన్‌ను బాగానే పడుతుంది, వినైల్ క్లోరైడును అంతగా పట్టలేదు. కాబట్టి గ్యాస్ క్రొమటోగ్రఫీ సదుపాయమున్న ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. పరీక్ష చీటీలో ట్రైక్లోరోఇథిలీన్‌తోపాటు డైక్లోరోఇథిలీన్, వినైల్ క్లోరైడ్ పేర్లు కూడా విడిగా రాయించాలి. నమూనాను గాజుసీసాలో గాలిబుడగ మిగలకుండా నింపి, ఐసులో పెట్టి, ఆలస్యం లేకుండా అందించాలి. ఒక్కసారితో సరిపెట్టకుండా వానకాలం ముందొకసారి, తరువాత ఒకసారి చేయించాలి.

ఆయన మొదటి నమూనా ఇచ్చారు. ఫలితం ఇంకా రాలేదు. అంతవరకు ఆ బోరు నీటిని ఇల్లు కట్టే సిమెంటు పనికి మాత్రమే వాడుతున్నారు.